డిక్షనరీ మూసి, పాత పేపరు తీయండి

పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అందరూ చెప్పే మాట ఒకటుంది. పొద్దున్నే ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదువు, తెలియని పదం కింద గీత గీయి, డిక్షనరీలో అర్థం చూసి నోటుబుక్కులో ఎక్కించు, రోజుకు ఇరవై పదాలు కంఠస్థం చెయ్యి. వికారాబాద్‌లో, తాండూరులో అలాంటి నోటుబుక్కులు చాలా చూశాను. మొదటి పేజీల్లో ఎర్ర సిరాతో పదం, నీలం సిరాతో అర్థం, కింద స్కేలుతో గీసిన గీత. తర్వాత పేజీలన్నీ ఖాళీ. పిల్లలకు పట్టుదల లేదని పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. ఆ పద్ధతిలోనే పస లేదు. నేను చెప్పే చిట్కాలు తలకిందులుగా తోచవచ్చు. అయినా వీటినే నమ్ముతాను.

ముందుగా, ఇవాళ్టి పేపరు చదవకండి. రెండు నెలల కిందటిది తీయండి. ఇవాళ్టి సంపాదకీయంలో సంగతీ కొత్తది, భాషా కొత్తది. రెండు బరువులు ఒకేసారి ఎత్తుకుంటే రెండో పేరా దగ్గరే కళ్లు మూతలు పడతాయి. పాత పేపరులో బడ్జెట్ సంగతి మీకు తెలిసిపోయింది, ఎన్నికల్లో ఎవరు గెలిచారో తెలిసిపోయింది. ఇక చూడాల్సింది ఒక్కటే, దాన్ని ఎలా చెప్పారన్నది. కరెంట్ అఫైర్స్ మాటేమిటని అడుగుతారు. దానికి తెలుగు పేపరు ఉంది. ఒకే పేపరుతో రెండు పనులూ చేయబోతే ఏదీ కాదు.

రెండోది, ఇంగ్లిష్ సంపాదకీయానికి ముందు అదే విషయం మీద తెలుగు సంపాదకీయం చదవండి. ‘ఇంగ్లిష్‌లోనే ఆలోచించు, తెలుగు జోలికి పోకు’ అని చెప్పే మాస్టార్లున్నారు. వాళ్ల మాట వినకండి. వాదం ఎటు పోతోందో సొంత భాషలో ఒకసారి తెలిస్తే, ఇంగ్లిష్‌లో సగం పదాల అర్థం వాటంతట అవే తేలతాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోల్కొండ పత్రిక పెట్టేనాటికి ఈ ప్రాంతంలో సర్కారు భాష ఉర్దూ. అలాంటి రోజుల్లో కూడా గట్టి విషయాన్ని తెలుగులో వాదించి చెప్పవచ్చని ఆ పత్రిక చూపించింది. ఆ వారసత్వం ఉన్నవాళ్లు తెలుగు చదివితే ఇంగ్లిష్ పాడవుతుందని భయపడడమేమిటి?

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మీకు బాగా తెలిసిన సంగతి మీద వచ్చిన సంపాదకీయాలే ఎంచుకోండి. అన్ని రంగాలూ చదవాలని కోచింగ్‌లో చెబుతారు. వద్దు. రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లనూ పశ్చిమాసియానూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. తాండూరు పిల్లలైతే కందులతో మొదలుపెట్టండి.

ఎందుకంటే కందుల గురించి మీకు తెలిసినంత ఢిల్లీలో కూర్చున్న చాలామందికి తెలియదు. తాండూరు కందికి 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది. నల్లరేగడి, అడుగున సున్నపురాయి ఉన్న ఈ నేల వల్లే ఆ పప్పుకు అంత పేరని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. కేంద్రం కందులకు 2024-25లో క్వింటాలుకు 7,550 రూపాయల మద్దతు ధర ప్రకటించింది, 2025-26లో దాన్ని 8,000 చేసింది. మరోవైపు మయన్మార్ నుంచి, మొజాంబిక్ నుంచి సుంకం లేకుండా కందులు దిగుమతి చేసుకోనిచ్చింది. పప్పుల మీద ఇంగ్లిష్‌లో ఏ సంపాదకీయం వచ్చినా ఈ తగాదా చుట్టూనే తిరుగుతుంది. పట్టణంలో పప్పు కొనేవాడికి ధర తగ్గాలి, పండించేవాడికి ధర పెరగాలి, మధ్యలో సర్కారు ఎటు మొగ్గాలి? మార్కెట్ యార్డులో నాన్న పక్కన బస్తాల మీద కూర్చుని, తేమ ఎక్కువుందని ధర కోసేసిన రోజు చూసిన పిల్లకు ‘ప్రొక్యూర్‌మెంట్’, ‘మాయిశ్చర్ కంటెంట్’, ‘డిస్ట్రెస్ సేల్’ అన్నవి కొత్త పదాలు కావు. అవి ఆమె ఇంటి సంగతులు. ఇంగ్లిష్‌లో వాటినేమంటారో తెలిస్తే చాలు, ఇక మరిచిపోదు.

కంది తర్వాత నాపరాయి. గనుల తవ్వకం మీద, పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే రాతి బురద మీద, దుమ్ము పీల్చి పనిచేసే కూలీల ఆరోగ్యం మీద తాండూరు వాళ్లకు చెప్పాల్సినది చాలా ఉంది. వికారాబాద్ వాళ్లకు మూసీ ఉంది, ఆ నది పుట్టింది అనంతగిరి కొండల్లోనే. హైదరాబాద్‌లో మూసీ ప్రక్షాళన మీద వచ్చే ప్రతి ఇంగ్లిష్ వ్యాసమూ మీ నది గురించినదే. దామగుండం అడవి ఉండనే ఉంది. అక్కడ నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. జలాంతర్గాములతో మాట్లాడే ఇలాంటి కేంద్రం తమిళనాడులోని తిరునల్వేలి దగ్గర ముందునుంచీ ఉంది, ఇది రెండోది. అడవి పోతుందని ఒక పక్షం, దేశ రక్షణకు తప్పదని మరో పక్షం. రెండు పక్షాల వాదనలూ మన ఊళ్లలో హోటల్ బల్లల దగ్గర విన్నవే. వాటినే ఇంగ్లిష్‌లో చదవండి.

ఇక డిక్షనరీ. మొదటి చదువులో దాన్ని ముట్టుకోవద్దు. తెలియని పెద్ద పదం వస్తే దాటేయండి. దాటేసినా సంగతి అర్థమైతే ఆ పదంతో మీకు పనిలేదు. అర్థం కాకపోతే అదే పదం మళ్లీ అడ్డొస్తుంది, అప్పుడు చూద్దురు గాని. పట్టుకోవాల్సినవి చిన్న పదాలు. ‘అన్‌లెస్’, ‘డిస్పైట్’, ‘యట్’, ‘రాదర్ దాన్’ లాంటివి. వాదం మలుపు తిరిగేది వాటి దగ్గరే. ఇవి తెలియక సంపాదకీయం మెచ్చుకుంటోందో తిడుతోందో తేల్చుకోలేని పిల్లలున్నారు. వాళ్ల నోటుబుక్కుల్లో మాత్రం నాలుక తిరగని పదాలు వందలున్నాయి.

పరీక్షలో పెద్ద పదాలకే మార్కులని మీకు ఎవరో చెప్పి ఉంటారు. గ్రూప్-1 మెయిన్స్‌నే చూడండి. జనరల్ ఇంగ్లిష్ పేపరు 150 మార్కులకు, స్థాయి పదో తరగతి. అందులో అర్హత సాధిస్తే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలపరు. చదివినది అర్థం చేసుకుని, కుదించి, తప్పుల్లేకుండా రాయగలరా అన్నదే అక్కడ చూసేది. దానికి అరుదైన పదాల మూట అక్కరలేదు. బ్యాంకు పరీక్షల్లోనూ ఎక్కువమంది దెబ్బతినేది పేరా చదివి సారం పట్టలేకే.

తాండూరు బజారులో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. కర్ణాటక పక్కనే కాబట్టి సేడం, చించోళి వాళ్లతో ఎంతో కొంత కన్నడం కూడా మాట్లాడతారు. వీటిలో ఏ భాషకూ ఎవరూ జాబితా రాసుకుని కంఠస్థం చేయలేదు. బేరం చేయాల్సి వచ్చింది, కొట్లాడాల్సి వచ్చింది, స్నేహం చేయాల్సి వచ్చింది. భాష దానంతట అదే వచ్చింది. ఇంగ్లిష్ ఒక్కదానికే వేరే న్యాయం ఎందుకు?

అందుకే సంపాదకీయంతో కొట్లాడండి. సంపాదకీయం పుట్టిందే కొట్లాటకు. భారతీయుడైన ముత్తుస్వామి అయ్యర్‌ను మద్రాసు హైకోర్టు జడ్జిగా వేసినందుకు ఇంగ్లిష్ దొరల పత్రికలు విరుచుకుపడితే, వాటికి జవాబు చెప్పడానికి 1878 సెప్టెంబరులో ఆరుగురు కుర్రాళ్లు ది హిందూ పెట్టారు. మొదటి సంచిక 80 ప్రతులు. ఆరుగురిలో ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు లా విద్యార్థులు. ఆ నలుగురిలో ఒకరు మన తెలుగువాడు, న్యాపతి సుబ్బారావు పంతులు. వాళ్లెవరి ఇంట్లోనూ ఇంగ్లిష్ మాతృభాష కాదు. చెప్పాల్సిన మాట గట్టిగా ఉంది కాబట్టి చెప్పే భాషను పట్టుకున్నారు. మీరూ అలాగే చేయండి. కందుల దిగుమతి మంచిదే అని పేపరు రాస్తే, కాదని నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయండి. తప్పులొస్తే రానివ్వండి. కావాల్సిన పదం దొరకక ఇబ్బంది పడినప్పుడే డిక్షనరీ తెరవండి. అలా వెతుక్కున్న పదం మీది అవుతుంది.

చివరి మాట, రోజుకొకటి చదవకండి. వారానికి ఒక్క సంపాదకీయం చాలు. దాన్నే మళ్లీ మళ్లీ, ఒక్కోసారి పైకి చదవండి. వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైలులో పక్కవాళ్లు చూస్తారని సిగ్గుపడకండి. శనివారం నాటికి ఆ వ్యాసం చూడకుండా స్నేహితుడికి ఇంగ్లిష్‌లో చెప్పగలిగితే ఆ వారం పని అయినట్టే.

గ్రంథాలయాలు నడిపేవారికి ఒక విన్నపం. పాత ఇంగ్లిష్ పేపర్లను నెల తిరగ్గానే చిత్తుకు అమ్మేయకండి. సంపాదకీయం పేజీలు మాత్రం వేరుచేసి కంది, రాయి, అడవి, నీళ్లు అని విషయాలవారీగా కట్టలు కట్టి పెట్టండి. ఖర్చు దారం వరకే. మా పిల్లలకు గైడు పుస్తకాల కంటే ఆ కట్టలే ఎక్కువ పనికొస్తాయి.