క్యాను మోసే నిపుణుడు

తెనాలి వైపు ఏ ఊరి పాలకేంద్రానికైనా పొద్దున్నే వెళ్లండి, ఈయన ఉంటాడు. భుజాన తువ్వాలు, చేతిలో క్యాను. పాల పుస్తకం మీద పేరు ఈయనది. గడ్డి కోసి, కుడితి కలిపి, పాలు పితికింది ఇంటావిడ. కేంద్రం దాకా క్యాను మోసినందుకు పాడి మొత్తం ఈయన ఖాతాలో పడింది.

మిషను మీద ఫ్యాటు 7 దాటిందా, "పత్తిచెక్క పెడుతున్నాన్రా! ఊరికే వస్తుందా?" అంటాడు. 6కి దిగిందా, మిషను పాడైపోయింది. గేదె ప్రమేయం రెండు చోట్లా లేదు.

దాణా లెక్క ఎత్తితే మరి ఆగడు. "ఒంటి పోషణకి కిలోన్నర. ఆపైన 2 లీటర్ల పాలకి కిలో చొప్పున. రోజుకి 50 గ్రాములు లవణ మిశ్రమం. రాసుకో!" లెక్కకి వంక పెట్టలేం, పశువుల డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే. 8 లీటర్లిచ్చే గేదెకి ఐదున్నర కిలోలని ఠక్కున చెప్పేస్తాడు కూడా. ఇంటికొచ్చాక తవుడు బస్తా ఎక్కడుందో తెలియాలంటే మాత్రం "ఏమేవ్!" అని కేక పెట్టాలి.

ఆవిడ నోట కిలోలు వినపడవు. చేయి మోచేతి దాకా కుడితిలో పెట్టి కలిపి, చిక్కదనం చూసుకుంటుంది. వరి కోతకి ముందే చేలో చల్లించిన పిల్లిపెసర కోసుకొస్తుంది. అదొక్కటే వేస్తే కడుపుబ్బుతుందని ఎండుగడ్డి కలిపి మరీ వేస్తుంది. దాణా ఎక్కువై గడ్డి తగ్గితే ఫ్యాటు పడిపోతుంది. పీచు లేనిదే వెన్న లేదు. పత్తిచెక్కకి దక్కిన పొగడ్తలో వరిగడ్డికీ వాటా ఉంది గానీ, వరిగడ్డి గురించి గొప్పలు చెప్పుకుంటే ఎవరు వింటారు?

మొన్న బంధువులింట పెళ్లైంది. మిగిలిన అన్నం, బూందీ పారేయడం ఇష్టంలేక గంగాళానికి ఎత్తించుకొచ్చి, రాత్రికి రాత్రే గేదె ముందు పెట్టాడు. "పాపం, అదీ రుచి చూడొద్దూ!" తెల్లారేసరికి గేదె మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. డాక్టరుగారొచ్చి ఏం పెట్టారు, ఎంత పెట్టారు, నీళ్లు తాగిందా అని అడుగుతుంటే జవాబులన్నీ ఆవిడవే. "అన్నం గంగాళం నిండా పెట్టారండీ. నేను చూసేసరికి అడుగంటింది." ఈయన మాత్రం పలుపు పట్టుకుని, ఎప్పుడూ లేనిది, నోరు మెదపకుండా నిలబడ్డాడు. వంటసోడా నీళ్లు పట్టించి, రెండు రోజులు ఎండుగడ్డే వేయమని చెప్పి వెళ్లారు డాక్టరుగారు.

మర్నాడు పొద్దున్నే నిపుణుడు మామూలుగానే కేంద్రం దగ్గర ప్రత్యక్షం. చేతిలో క్యాను లేదు.

"పాలేవి బాబాయ్?"

"పాలా? ఒరేయ్, గడ్డి తినే జీవానికి ఎవడైనా కడుపునిండా అన్నం పెడతాడట్రా? పొట్టలో పులిసిపోతుంది. పాలు తర్వాత, ముందు ప్రాణం మీదికొస్తుంది. రాసుకో! మా ఇంట్లో ఆడాళ్లకి ఎంత చెప్పినా..."