సంచిలో పంచె

భూమి సోలారుకు ఇచ్చినప్పటి నుంచి నాకు వారాలతో పని లేకుండా పోయింది. సేద్యం చేసేవాడికి కూడా ఆదివారం ఉండదు గానీ, వాడికి తీరిక లేక ఉండదు. నాకు తీరిక తప్ప ఇంకేమీ లేక ఉండదు. కర్ణాటకలోని పావగడ తాలూకాలో తిరుమణి, బళసముద్రం, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అని ఐదు ఊళ్ళు. వాటి చుట్టూ 13 వేల ఎకరాల్లో చెనిక్కాయ పోయి నల్లటి పలకలు వచ్చాయి. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్లు పూర్తయిన పార్కు. భూమి అమ్మలేదు, కౌలుకిచ్చాం. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలు, రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంపు, 28 ఏళ్ళ ఒప్పందం. అందులో నావి నాలుగెకరాలు.

అరవై ఏళ్ళలో యాభై నాలుగేళ్ళు మాది కరువు తాలూకాయేనని లెక్కలు చెప్పేవాళ్ళు చెబుతారు. అలాంటి చోట వాన పడినా పడకపోయినా బ్యాంకులో డబ్బు పడుతుందంటే ఎవడు వద్దంటాడు? నేనూ వద్దనలేదు. మా చేలల్లోకి కూలికొచ్చేవాళ్ళకు మాత్రం కౌలూ లేదు, కూలీ లేదు. కొందరు ఇప్పుడు ఆ పలకలే కడుగుతున్నారు, కొందరు బెంగళూరు బస్సెక్కారు. అది పెద్ద సంగతి, ఇంకెవరైనా రాయాలి. నేను రాయబోయేది చిన్నది: 2024 ఏప్రిల్ 28, ఆదివారం నాడు నేను వెలగబెట్టిన తెలివితక్కువ పని.

26న శుక్రవారం ఓటు వేశాం. మా జిల్లా తుమకూరు, ఓటు మాత్రం చిత్రదుర్గ లోక్‌సభకు. మా తాలూకా సంగతులన్నీ ఇంతే. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, దాదాపు ఏ దిక్కుకు నడిచినా ఆంధ్రానే ఎదురొస్తుంది. ఓటు వేశాక చేసే పని లేదు. ఇంట్లో ఫ్యాను వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకు తోస్తోంది. మా మేనల్లుడు ఫోన్ చేసి "రా మామా, రెండ్రోజులు ఇక్కడుందువు గానీ" అన్నాడు. పావగడలో బస్సెక్కితే శనివారం కావడంతో శనీశ్వరుడి గుడికొచ్చిన బెంగళూరు భక్తులతో కాలు పెట్టే సందు లేదు. వాళ్ళు శని వదిలించుకోవడానికి మా ఊరికొస్తే, నేను దాన్ని వెతుక్కుంటూ వాళ్ళ ఊరికి బయల్దేరాను.

ఆ వేసవి బెంగళూరును మీరు మరిచిపోయి ఉండరు. బోర్లు ఎండి, ట్యాంకరు వస్తే అపార్ట్‌మెంటు మొత్తం కిందికి దిగిన రోజులు. మా అల్లుడిది పై అంతస్తు. ఆదివారం పొద్దున పదికే గోడలు కాలుతున్నాయి. ఆ రోజు నగరంలో 38.5 డిగ్రీలు నమోదైంది. మా వైపు అయితే ఆ మాత్రానికి ఎవరూ ఎండ అనరు గానీ, బెంగళూరువాళ్ళు ప్రళయం వచ్చినట్టు మాట్లాడుకున్నారు. "ఇంట్లో ఉంటే ఉడికిపోతాం, మాల్‌కి పోదాం పదండి" అన్నాడు అల్లుడు. వాడు, వాడి భార్య, వాళ్ళ పాప, నేను.

తప్పు ఇక్కడ మొదలైంది. నేను పుట్టి బుద్ధెరిగాక పంచె తప్ప కట్టలేదు. పెళ్ళికైనా పంచే, తాలూకాఫీసుకైనా పంచే. ఆ పంచెతో మాల్‌లోకి రానివ్వరేమోనని నాకు నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, అల్లుడు అసలు ఆ ఊసే ఎత్తలేదు. ఎప్పుడో పేపర్లో చదివింది మనసులో ఉండిపోయింది. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బువాళ్ళు మద్రాసు హైకోర్టు జడ్జిగారినే పంచె కట్టుకున్నాడని గేటు దగ్గర ఆపేశారు. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం అలా ఆపకూడదని చట్టం చేసింది. చట్టం చేసిన సంగతి నాకు గుర్తు రాలేదు, ఆపిన సంగతే గుర్తొచ్చింది. జడ్జినే ఆపినవాళ్ళు చెనిక్కాయ రైతును ఆపరా?

అల్లుడి ప్యాంటు అడిగి తొడుక్కున్నాను. వాడి నడుము వేరు, నా నడుము వేరు. ఊపిరి బిగబట్టి గుండీ పెట్టి, చొక్కా బయటికి వదిలేశాను. రాత్రికి అట్నుంచి అటే ఊరి బస్సెక్కుదామని నా గుడ్డ సంచి కూడా వెంట తీసుకున్నాను. అందులో తువ్వాలు, మార్చుకున్న చొక్కా, మడిచిన పంచె. మాల్ గుమ్మం దగ్గర సంచిని పట్టీ మీద పెట్టమన్నారు. అది యంత్రంలోకి పోయి, తెర మీద లోపలున్నదంతా చూపించి, అవతలకొచ్చింది. పంచెను ఎవరూ ఏమీ అనలేదు. నడుముకు ఉండాల్సినదాన్ని సంచిలో పెట్టుకుని నేనూ లోపలికి పోయాను.

లోపలి చలవ సంగతి ఏం చెప్పాలి! మొదటి పది నిమిషాలు ప్రాణం లేచొచ్చింది. కదిలే మెట్ల దగ్గర కాలు పెట్టాలా వద్దా అని నిలబడితే వెనక వరుస కట్టారు. పాపే నా చెయ్యి పట్టి ఎక్కించింది. అవన్నీ అందరికీ అయ్యేవే. కిరాణా అంతస్తులో మాత్రం నేను ఆగిపోయాను. అరలో సీసాలు. పీనట్ బటర్ అట. చెనిక్కాయ విత్తనాలు వేయించి నూరిన ముద్ద. ధర చూస్తే, ఆ డబ్బుకు మా సంతలో రెండు కిలోల విత్తనాలు వస్తాయి. ఇన్నేళ్ళు పండించినవాణ్ణి, ఇంట్లో వాటినే ఎండుమిరపకాయలేసి ఊరిబిండి నూరించి సంగటిలోకి తిన్నవాణ్ణి, నా పంట దొరలా సీసాలో కూర్చుని ఉంటే చూసి పులకరించిపోయి కొనేశాను. అక్కడి అమ్మాయిని కన్నడంలో ఏదో అడిగితే హిందీలో జవాబు చెప్పింది. నేను అటు తిరిగానో లేదో, ఫోనులో "అమ్మా, బువ్వ తింటివా?" అంటోంది. మా వైపు మాటే. పలకరిద్దామనుకున్నాను గానీ ఆ ప్యాంటులో నోరు పెగల్లేదు.

ఆ తర్వాత పై అంతస్తులో ఒక బల్ల మీద కూర్చున్నాను. కూర్చోగానే గుండీ తెగింది. టప్పుమని ఎగిరి, నున్నటి నేల మీద దొర్లుకుంటూ పోయి, ఒక వాచీల అంగడి గుమ్మంలో ఆగింది. జిప్పు కూడా దాని దారే పట్టింది. లేచి నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. సంచి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

"మామా, పైన ఆటలున్నాయి, పాప అడుగుతోంది, రా."

"మీరు పోండి నాయనా. నాకు ఇక్కడే హాయిగా ఉంది."

పాప నా ఫోను ఆటలకని పట్టుకుపోయింది. మధ్యలో అల్లుడు ఏదో రొట్టె తెచ్చి చేతికిచ్చి, సినిమాకు టికెట్లు దొరికాయంటూ మళ్ళీ పోయాడు. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు: "గుండీ తెగింది, పిన్నీసు తే." చెప్పలేదు. మామ హోదా అడ్డొచ్చింది. హాయి అన్న చలవ కాసేపటికి చలి అయింది. పళ్ళు కొరుక్కుంటూ, సంచిని పొట్టకు అదుముకుని, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చున్నాను. నా బల్ల మీదా, పక్క బల్లల మీదా అందరూ మగవాళ్ళే, ఒళ్ళో ఎవరివో సంచులు, సగం మంది నిద్రలో ఉన్నారు.

పక్కన ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. మాలూరు వైపు మనిషి, తెలుగు మాట్లాడాడు. "మీదే ఊరు?" అన్నాడు. పావగడ అంటే "ఓ, శనిదేవుడి ఊరు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

"అది పాతమాట సార్. ఇప్పుడు మాది కరెంటు ఊరు" అన్నాను. అనేసి ఊరుకోవచ్చు కదా. పొద్దున్నుంచీ బిగబట్టిన గొప్పలన్నీ బయటికొచ్చాయి. "ఈ చలవ ఉందే, ఇది మా ఎండే సార్. నా నాలుగెకరాల్లో ఇప్పుడు కాస్తున్న ఎండ తీగల్లో పారి వచ్చి మీ అందరికీ ఇక్కడ చలవై దిగుతోంది. మేం ఎండలో మాడితేనే బెంగళూరు చల్లగా కూర్చుంటుంది." చెయ్యి చాపి ఆ దీపాలూ, మెట్లూ, అంగళ్ళూ అన్నీ చూపించాను, వాటన్నిటికీ కాపు నేనే అయినట్టు.

ఆయన అంతా విని చిన్నగా నవ్వాడు. కరెంటు శాఖలోనే పనిచేసి రిటైరయ్యాడట. మనకు దొరకాలంటే అలాంటివాడే దొరుకుతాడు.

"13 వేల ఎకరాలను 2,050తో భాగించండి. ఆరెకరాల పైచిలుకు ఉంటే ఒక మెగావాటు. మీ నాలుగెకరాలది మూడింట రెండు వంతులు కూడా రాదు. ఇక్కడ చల్లబరిచే యంత్రాలకే అది చాలదు" అన్నాడు. సరే, నాది కాకపోతే మా ఊరివాళ్ళది అన్నాను. "ఇప్పుడు టైమెంత?" అని అడిగాడు. నాలుగై ఉంటుందన్నాను. తన వాచీ నా ముందు పెట్టాడు. ఏడూ నలభై.

"పొద్దు మునిగి గంటయింది స్వామీ. మీ పలకలు ఎప్పుడో పడుకున్నాయి. ఇప్పుడు మీకు తగిలే గాలి రాయచూరు బొగ్గుది, శరావతి నీళ్ళది. మీ పార్కు పేరు శక్తిస్థల, రాయచూరు బొగ్గు కరెంటు తయారయ్యే చోటు శక్తినగర్. పేర్లలో శక్తి ఒకటే గానీ డ్యూటీలు వేరు."

పొద్దు ఎప్పుడు కుంగిందో చెప్పగలిగినవాణ్ణి నేను. చేలో నిలబడితే నా నీడ చూసి గంట చెప్పేవాణ్ణి. అక్కడ కిటికీ లేదు, గోడ గడియారం లేదు, మధ్యాహ్నం ఎంత వెలుతురో రాత్రికీ అంతే. ఇలా అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద చేర్చి, ఎండా చలీ తెలియకుండా మూసేసిన మొదటి మాల్ 1956లో అమెరికాలోని మిన్నెసోటాలో తెరిచారు, పేరు సౌత్‌డేల్. దాన్ని గీసిన విక్టర్ గ్రూయెన్ హిట్లర్ మనుషుల నుంచి తప్పించుకుని వియన్నా వదిలి వచ్చిన యూదు. తన ఊరి వీధుల్లోలాగా జనం ఊరికే కలుసుకుని మాట్లాడుకోవాలని ఆయన ఆశ. చివరికి ఆయన వియన్నాకే పోయాడు; అవి వట్టి అమ్మకపు కొట్లయ్యాయని విసిగి, వాటితో నాకు సంబంధం లేదన్నాడు. ఈ కథంతా నాకు తర్వాత తెలిసింది. పాపం, గ్రూయెన్ కోరిన పని ఆ సాయంత్రం నేనూ మాలూరాయనా చేశాం. నేను గొప్పలు చెప్పాను, మాలూరాయన విన్నాడు, అంతసేపూ ఇద్దరం ఏమీ కొనలేదు.

"లేద్దాం పదండి, కాఫీ తాగుదాం" అన్నాడాయన. లేవలేనన్నాను. ఎందుకని అడిగితే ఇక దాచలేదు. గుండీ, జిప్పు, అల్లుడి ప్యాంటు, అన్నీ చెప్పాను. ఆయన నా ఒళ్ళో సంచి వైపు చూశాడు.

"అందులో ఏముంది?"

"పంచె."

ఆయన నవ్విన నవ్వుకు పక్క బల్ల మీద నిద్రపోతున్న ఇద్దరు లేచారు. ఆ పూటంతా నేను ఒళ్ళో పంచె పెట్టుకుని, మానం ఎలా కాపాడుకోవాలా అని కూర్చున్నాను! తువ్వాలైనా నడుముకు చుట్టుకోవాలని తోచలేదు. ఆయన ముందు నడుస్తుంటే, నేను వెనక సంచి అడ్డం పెట్టుకుని మరుగుదొడ్డి దాకా పోయి పంచె కట్టుకుని వచ్చాను. అల్లుడు వాళ్ళు సినిమా నుంచి వస్తూ చూశారు. పాప మాత్రం "తాతా, ఇప్పుడు నీలా ఉన్నావు" అంది. మాల్ మొత్తం ఈ కొస నుంచి ఆ కొసకు పంచెతో నడిచాను. గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. బయటికి పోయేవాణ్ణి ఎవరు ఆపుతారు?

పీనట్ బటర్ ఇంటికి చేరింది. మా ఇంటావిడ వేలితో తీసి నాలిక మీద వేసుకుని "ఉప్పు లేదు, కారం లేదు, ఎవరికి పత్యం?" అంది. సీసా ఖాళీ అయ్యాక అందులో ఆవాలు పోసింది.

నా తెలివితక్కువతనం అక్కడితో తీరిపోయిందనుకున్నాను. జూలైలో వార్త వచ్చింది. బెంగళూరు మాగడి రోడ్డులో ఒక మాల్‌లో హావేరి జిల్లా రైతు ఒకాయన కొడుకుతో సినిమాకు పోతే, పంచె కట్టుకున్నాడని లోపలికి రానివ్వలేదు. కొడుకు అది వీడియో తీశాడు. రైతు సంఘాలవాళ్ళు పంచెలు కట్టుకుని ఆ గుమ్మం ముందు కూర్చున్నారు. ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించింది. వార్త చదివి మా ఇంటావిడతో "చూశావా, నేను ముందే అనుకున్నాను" అన్నాను. నా భయం నిజమేనని రుజువైనందుకు ఒక్క క్షణం సంతోషించాను కూడా. ఈ మొత్తం కథలో నన్ను నేను క్షమించుకోలేనిది ఆ ఒక్క క్షణమే. ఆయనా రైతే, నేనూ రైతునే. ఆయన ఎలా ఉన్నాడో అలాగే పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను ఎవరూ అడగకముందే విప్పి సంచిలో దాచుకున్నాను.

పావగడ, మడకశిర, హిందూపురం వైపు పంచె కట్టే పెద్దలకు ఒక మాట. వేసవిలో మీ పిల్లలు మాల్‌కు రమ్మంటే పోండి. చలవ బాగుంటుంది, కూర్చుంటే ఎవరూ డబ్బు అడగరు. పంచెతోనే పోండి. గుమ్మంలో ఎవరైనా ఆపితే 2024 జూలైలో మాగడి రోడ్డులో ఏం జరిగిందో చెప్పండి. కరెంటు గురించి మాత్రం పొద్దు మునిగాక మాట్లాడకండి.