రోము చూచివచ్చిన బాబాయిగారు

చెన్నపట్నమునుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదునుండి బందరుకు పోవు రహదారియు ఒకదానినొకటి ఒరసికొను బెజవాడ బెంజ్ సర్కిల్‌లో, సాయంకాలము కాఫీహోటలున కూర్చున్నవారికి, ఆ లారీల మహాఘోషను సైతము చీల్చుకొని "మేము రోములో ఉన్నప్పుడు..." అను కంఠమొకటి వినవచ్చుచుండును. ఆ కంఠము ఎవరిదని తిరిగి చూడనక్కరలేదు. అది ఒకరిది కాదు, ఒక జాతిది. ఉద్యోగవిరమణానంతరము జర్మనీలోని కుమారుని చూడబోయి, అచ్చట మంచుకు విసిగి, పలు దేశములను కొలది దినములలో చుట్టించు బస్సెక్కి, ఆవకాయ సీసా సహాయమున ఐరోపాఖండమును జయించి వచ్చిన ఈ మహనీయులను నేను రోము బాబాయిగార్లని వ్యవహరించుచుందును.

ఆ "ఉన్నప్పుడు" అనుదాని నిడివి ఒక్క అపరాహ్ణము. అందు నవోనా చౌకునకు గైడు దయచేసినది ఇరువది నిమిషములు. వానిలో పదునెనిమిది ఫోటోలకు చెల్లిపోయినవి. ఆ చౌకు నడుమ పదవ ఇన్నోసెంటు పోపు ఆజ్ఞపై బెర్నీనీ అను మహాశిల్పి నిర్మింపగా 1651లో ఆవిష్కృతమైన చతుర్నదీ జలయంత్రమొకటి కలదు. గగనచుంబియైన రాతిస్తంభము క్రింద డాన్యూబు, నైలు, ప్లేటు, గంగ అను నాలుగు నదులు నాలుగు ఖండములకు ప్రతినిధులై ఆసీనములైయుండును. అది కట్టుచున్న కాలమున నగరమున రొట్టె కరవై, ప్రజలు ఆ శిలలమీదనే నిరసనపత్రములు అంటించిరట. గైడు ఈ సంగతి చెప్పియే యుండును గాని, అప్పటికి బాబాయిగారు పిన్నిగారిని గంగకు ఎడమవైపునకు జరుపు ప్రయత్నములో నుండిరి.

అచ్చటనే చిక్కు వచ్చినది. ఆ గంగ పురుషుడు! చేత తెడ్డు పట్టి, గడ్డముతో, కండలు తిరిగిన దేహముతో కూర్చున్నాడు. నదులను పురుషులుగా చెక్కుట ఆ దేశపు శిల్పుల సంప్రదాయమేమో గాని, భీష్ముని కన్నతల్లికి భీష్ముని గడ్డమే వచ్చినదని పిన్నిగారు ముక్కున వ్రేలు వేసికొనిరి. బాబాయిగారు మాత్రము చలింపలేదు. రూపమేదైనను గంగ గంగయే కనుక సంకల్పము చెప్పుకొనవలసినదే యని నిశ్చయించి, తొట్టి చెంతకు పోనీయరేమో యను శంకతో, మూడు యూరోలు పెట్టి కొన్న సీసానీటినే, మనస్సులో తొంభైతో గుణించుకొని నిట్టూర్చి, చేత పోసికొనిరి. కాని సంకల్పమున దేశమును చెప్పవలెను గదా! బెజవాడలోనైనచో శ్రీశైలమునకు ఈశాన్యమున, కృష్ణాగోదావరుల నడుమ అని కన్నులు మూసికొని అప్పగింతురు. రోము శ్రీశైలమునకు ఏ దిక్కు? వెంటనే సత్యనారాయణపురమునందలి పురోహితునకు ఫోను చేసిరి. "వాయవ్యం అనెయ్యండి, దక్షిణ సంగతి మీరొచ్చాక చూసుకుందాం" అని ఆయన సెలవిచ్చెను. మిగిలిన రెండు నిమిషములును అట్లు సార్థకములైనవి.

త్రెవీ జలయంత్రము దగ్గర వీపు వెనుకకు నాణెము విసరినచో మరల రోము చూచుట తథ్యమని ప్రతీతి. ఆ నాణెములను ఏరి బీదసాదల సేవకు వినియోగింతురు. మనవారు రైలు వంతెనమీద కృష్ణలోనికి రూపాయి విసరి, ఏ షరతులును పెట్టక దండము పెట్టుదురు. బాబాయిగారు అచ్చటను రూపాయినే విసరిరి. తిరిగి వచ్చుటయే గదా ఫలము, దానికి యూరో యేల యని వారి వాదము.

ఇంత చూచిన కన్నులకు బెంజ్ సర్కిల్ ఆనునా? బల్లమీద ఒలికిన కాఫీలో వ్రేలు ముంచి, రెండు ఫ్లైఓవర్ల నడుమ ఒక చతుర్నదీ జలయంత్రమును గీసి చూపుట వీరి నిత్యకృత్యము. నదుల ఎన్నికయు అయిపోయినది: కృష్ణ, పట్టిసీమ ఎత్తిపోతలతో కృష్ణను కలియ వచ్చిన గోదావరి, మున్నేరు, బుడమేరు. కృష్ణకు గడ్డము పెట్టుటను పిన్నిగారు "కృష్ణమ్మకా!" యని ఒక్క మాటతో త్రోసిపుచ్చుటచే అది వాయిదా పడినది. బుడమేరు విషయమున మాత్రము బాబాయిగారిది నిజముగా బెర్నీనీకి తగిన ఊహ. నైలు జన్మస్థానము ఆనాడు ఐరోపావారికి తెలియదు కనుక శిల్పి దాని మొగమునకు ముసుగు కప్పెను. బుడమేరు ఎప్పుడు ఊరిమీద పడునో ఎవరికిని తెలియదు కనుక దానికిని ముసుగే శాస్త్రీయమని వీరి సిద్ధాంతము.

మొన్న ఈ సిద్ధాంతమును వినిపించుచుండగా, గ్లాసులు తీయుచున్న సర్వరు ఆగెను. వాని నివాసము సింగ్‌నగరు. 2024 సెప్టెంబరు వరదలో మునిగిన ఇండ్లలో వానిది యొకటి.

"ముసుగేసినా మేం గుర్తుపట్టేస్తామండీ బాబాయిగారూ, మా ఇంట్లో వారం రోజులు కాపరం చేసి వెళ్లింది" అనెను.

బాబాయిగారు ఒక క్షణమాలోచించి, "అయితే ముసుగు అక్కర్లేదు, ఒక ఖర్చు తగ్గింది" అని, ఆ బొమ్మకు కన్నులు, ముక్కు దిద్దుటకై ఇంకొక కాఫీ తెమ్మనిరి.