ఎర్రగా పుట్టడం కాదు, ఎర్రగా నిలవడం

నేను సీరియం సల్ఫైడ్ రేణువును. రంగుల పట్టికలో నా పేరు పిగ్మెంట్ రెడ్ 265. పేరుకే మాది అరుదైన మూలకాల వంశం. భూమి పొరల్లో సీరియం రాగికి ఏమీ తీసిపోదు. విశాఖ, శ్రీకాకుళం తీరాల ఇసుకలో దొరికే మోనజైట్‌లోనూ మావాళ్లున్నారు. నన్ను రంగుగా తీర్చిదిద్దింది మాత్రం ఫ్రాన్స్‌లోని రోన్-పూలెంక్ కంపెనీ, 1990ల్లో. అంతవరకు ప్లాస్టిక్‌కు నిగనిగలాడే ఎరుపు కావాలంటే ఎక్కువగా కాడ్మియం వైపే చూసేవారు. ఆ విషానికి యూరప్ 1991లో కళ్లెం వేసింది. నాకు పిలుపొచ్చింది.

సీరియం, గంధకం కలిసినంత మాత్రాన ఎరుపు రాదు. అవే పరమాణువులు, అదే లెక్క. పేర్పు మారితే నల్లటి గోధుమరంగు మడ్డి. ఎర్రనిది గామా రూపం. అది రావాలంటే 1100 డిగ్రీలు దాటి కాల్చాలి. అంత వేడికి రేణువులు అతుక్కుపోయి గడ్డకడతాయి. ఇక రంగేమిటి, రాయే! అప్పుడు సోడియం ఆదుకుంది. గామా పేర్పులో తొమ్మిది లోహస్థానాలకు ఒకటి ఖాళీ. పల్లెవెలుగు బస్సులో ఖాళీ సీటు కనిపిస్తే ఎవరూరుకుంటారు? సోడియం వచ్చి కూర్చుంది. దాంతో 800 డిగ్రీల దరిదాపుల్లోనే, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పారే కొలిమిలో నేను ఎర్రబడ్డాను. 600 నానోమీటర్లకు లోపున్న కాంతినంతా నా ఎలక్ట్రాన్లు మింగేస్తాయి. మిగిలిన ఎరుపే మీ కంటికి చేరుతుంది.

నా అసలు జబ్బు వేరే. తేమో ఆమ్లమో తగిలితే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడతాను. అదే హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. విషం వద్దని తెచ్చుకున్నవాళ్లకు ఇంతకన్నా తలవంపు ఏముంటుంది? అందుకే నాకు తొడుగులు తొడిగారు. ఫ్లోరైడ్‌తో పైపొరను శుద్ధి చేస్తే రంగు తేటపడింది. పైన సిలికా పొర వేస్తే నీరు దూరంగా ఉంది. జింక్ సమ్మేళనమైతే కాపలాదారు: తప్పించుకోబోయే వాయువును పట్టి తెల్లటి జింక్ సల్ఫైడ్‌గా మార్చేస్తుంది. నన్ను అడిగితే, ఎరుపు కనిపెట్టినవారికన్నా ఈ తొడుగులు కుట్టినవారే గొప్పవారు.

కరిగే ప్లాస్టిక్ వేడి 300 డిగ్రీలున్నా నాకు లెక్కలేదు. అంతకు మించి గాలిలో కాలిస్తే ఆక్సీకరణతో నా ఎరుపు పోతుంది. వెయ్యి డిగ్రీల పింగాణీ కొలిమిలో నేటికీ గెలుపు, జిర్కాన్ గుల్లలో బందీ అయిన కాడ్మియం ఎరుపుదే.