నాటు గుడ్డు మాహాత్మ్యం

హైదరాబాద్‌లో నాటు పెట్ట కనపడని వీధులు బోలెడు. నాటు గుడ్డు దొరకని వీధి మాత్రం లేదు. పాల బూత్ పక్కన, జిమ్ మెట్ల కింద, ఆర్గానిక్ అని ఆకుపచ్చ బోర్డు తగిలించిన ప్రతి కొట్లోనూ ట్రేలకు ట్రేలు. అన్నీ ఒకే సైజు, ఒకే గోధుమరంగు. తెల్ల గుడ్డు కన్నా ఎంత ఎక్కువ ధర పెడితే అంత గట్టి నాటు.

ఈ నాటు గుడ్డు భక్తులకు ఒక చిన్న లెక్క. అసలు సిసలు నాటు పెట్ట పన్నెండు పదిహేను గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. 21 రోజులు లేవదు, లేపబోతే పొడుస్తుంది. పిల్లలు లేచాక వాటిని వెంటేసుకుని, గద్దలతో తగాదాలు పడుతూ రెండు నెలలు గుడ్డు ఊసే ఎత్తదు. ఏడాదికి మూడు నాలుగు విడతలు, వెరసి 50, 60 గుడ్లు. పందెంకోడి వంశపు అసీల్ పెట్టయితే ఇంకా పిసినారి. పెట్టేది కూడా చిన్న గుడ్డు, ఒకటి మీగడ రంగు, ఇంకోటి లేత గోధుమ. మరి తెల్లారేసరికి నగరమంతా ట్రేలు నింపుతున్న ఆ పెట్టలు ఏ ఊళ్లో, ఏ గంపల కింద ఉన్నట్టు?

గంపల కింద లేవు, ఫారాల్లో ఉన్నాయి. గోధుమరంగు గుడ్ల కోసమే పెంచే లేయర్లున్నాయి. వాటి వంశవృక్షంలో ప్రధానంగా కనిపించే తాతమ్మ రోడ్ ఐలాండ్ రెడ్. పుట్టిల్లు అమెరికా. అక్కడి రోడ్ ఐలాండ్ రాష్ట్రానికి 1954 నుంచి అధికార పక్షి కూడా. తెల్ల గుడ్డు పెట్టే లెగ్‌హార్న్‌ది ఇటలీ మూలం. అంటే తమరు ఇటలీ సంబంధం వద్దని, అమెరికా సంబంధానికి ఎక్కువ కట్నం ముట్టజెప్పారు. తెలుగువాళ్లకు ఇదేం కొత్త కాదు లెండి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ కూడా గోధుమ గుడ్డే పెడుతుంది. మంచి పెట్ట. పెరట్లో తిరిగి 72 వారాల వయసుకు 200 దాకా గుడ్లు ఇస్తుంది. పేరులో ఊరుంది గానీ, ఊరి పెట్ట కాదు.

రంగు జాతిని బట్టి వస్తుంది. గుడ్డు బయటికొచ్చే ముందు చివరి గంటల్లో పడే పూత అది. పెంకు లోపలివైపు తిప్పి చూడండి, తెల్లగానే ఉంటుంది. ఆ పూత వల్ల లోపలి సరుకులో పోషకం పిసరంత కూడా పెరగదు. "సొన ఎంత ఎర్రగా ఉందో చూశారా" అంటారు తర్వాత. ఆ ఎరుపు మేతది. దాణాలో పచ్చ మొక్కజొన్న పెంచినా, బంతిపూల సారం కలిపినా బోనులో కోడి సొన కూడా ఎర్రబడుతుంది. "పుంజుతో తిరిగిన పెట్ట గుడ్డుకే బలం" అన్నది ఆఖరి అస్త్రం. పిల్ల కావాలంటే పుంజు కావాలి, గుడ్డుకు అక్కర్లేదు. సంక్రాంతికి కుక్కుట శాస్త్రం విప్పి డేగా, కాకా, నెమలా అని జాతకం చూసే మగమహారాజులకు ఈ సంగతి మింగుడుపడదు.

ఇక తమరు ఈసడించే ఫారం పెట్ట డ్యూటీ చూడండి. అండాశయం నుంచి జారిన పచ్చసొన చుట్టూ తెల్లసొన పేరుకోవడానికి మూడు గంటలు, పొరలకు గంటా పావు, పెంకుకు దాదాపు 20 గంటలు. పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. రాత్రిపూట మేత ఉండదు కాబట్టి కొంత సొంత ఎముకల్లోంచే తోడి పోస్తుంది. మొత్తం 24 నుంచి 26 గంటల పని. రోజుకున్నవి 24 గంటలే కనుక గుడ్డు రోజురోజుకూ ఆలస్యమై, చివరికి ఒక రోజు సెలవు దొరుకుతుంది. ఆ సెలవూ సహించలేక మనిషి షెడ్డులో 16 గంటలు వెలుతురు ఉంచాడు. తరతరాల ఎంపికతో పొదిగే బుద్ధినే తీసేశాడు. ఇల్లొద్దు, పిల్లలొద్దు, ఏడాదికి 300 గుడ్ల టార్గెట్ చాలు. మామూలు బోనులో తలకు దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. తోడబుట్టిన మగపిల్లలు గుడ్డు పెట్టవు, కండ పట్టవు కనుక పుట్టిన రోజే వాటికి ఆయువు తీరుతుంది. తెలుగు రాష్ట్రాల బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో పడేది ఈ పెట్ట కష్టమే. దానికి మనమిచ్చిన గౌరవం, పనికిమాలిన కుర్రాణ్ణి "ఫారం కోడి" అని తిట్టడం.

80 వారాలు రాగానే అది లారీ ఎక్కుతుంది. ముదురు మాంసం, ఓ పట్టాన ఉడకదు. ఉడకనిదల్లా నాటే అని నమ్మేవాళ్లున్నచోట ఆ పెట్ట ఏ పులుసులో తేలుతుందో ఊహించడానికి పంచాంగం అక్కర్లేదు. బతికున్నన్నాళ్లూ దక్కని బిరుదు చచ్చాకైనా దక్కిందని సంతోషిద్దాం.

కాదు, నాటే కావాలంటారా? మేడ మీద గంప పెట్టి ఒక పెట్టను పెంచండి. ఏడాదికి 50 గుడ్లు. సగం అది పొదుక్కుంటుంది. మిగిలిన 25లో ఇంట్లో నలుగురికీ తలా ఆరు. మిగిలిన ఆ ఒక్కదానితో, ఇన్నాళ్లూ రంగుకు డబ్బు కట్టిన తమ తెలివితేటలకు దిష్టి తీసి నాలుగు రోడ్ల కూడలిలో పగలగొట్టండి.