పాత రూపాయిని చింతపండుతో తోమకండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పాత నాణేలు సేకరించాలనుకునేవారు దూరం పోనక్కర్లేదు. ఇది సంస్థానాల నేల. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల, ఒకప్పుడు సూగూరు పేరుతో ఉన్న వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు. గద్వాల సంస్థానానికి సొంత నాణెం ఉండేదని, అది రాయచూరు జిల్లాలో ఇంకా చెల్లుతోందని 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్ రాసింది. సూగూరు రూపాయి, నారాయణపేట రూపాయి కోసం సేకర్తలు ఇప్పటికీ వెతుకుతారు. వీటితోపాటు నిజాం హాలీ సిక్కా, బ్రిటిషువారి కల్దారు, ఆ తర్వాతి నయాపైసలు ఇనుప పెట్టెల అడుగున, దేవుడి గూట్లో, పోపుల డబ్బాల్లో ఇంకా ఉన్నాయి.

ఈ పనిలోకి దిగినవారికి సలహాలకు కొదవ ఉండదు. ఇంట్లో పెద్దమ్మ నుంచి బజారులో అవుసలి దాకా అందరూ ప్రేమగానే చెబుతారు. ఆ మాటల్లో చాలావరకు నాణేన్ని చెడగొట్టేవే. మన వైపు తరచుగా వినపడే ఎనిమిది తప్పుడు సలహాలను, వాటి బదులు చేయాల్సిన పనులను ఇక్కడ రాస్తున్నాను.

1. "చింతపండు పెట్టి తోము బిడ్డా, తళతళ మెరుస్తది"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన సలహా ఇదే. ఇత్తడి బిందెకు చింతపండు మంచిదే. నాణెం మీద మాత్రం ఆ పులుపు లోహపు పైపొరను తినేస్తుంది. సంస్థానాల నాణేలు సమ్మెటతో కొట్టి ముద్ర వేసినవి. వాటి మీద అక్షరాలు మొదటే సగం సగం పడతాయి. బూడిద, ఇటుక పొడి, టూత్‌పేస్టు ఏది పెట్టి రుద్దినా ఆ మిగిలిన సగం కూడా అరిగిపోతుంది. వెండి మీద నల్లటి పొర, రాగి మీద గోధుమరంగు పొర ఏళ్ల తరబడి ఏర్పడి కింది లోహాన్ని కాపాడుతుంటాయి. ఒకసారి పోతే అవి మళ్లీ రావు. తోమిన నాణేన్ని తెలిసిన సేకర్త చూడగానే గుర్తుపడతాడు, ధర తగ్గించేస్తాడు.

మట్టి పట్టి ఉంటే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. నీళ్లు మారుస్తూ ఉంటే మట్టి దానంతట అదే వదులుతుంది. మెత్తటి నూలుగుడ్డ మీద ఆరనివ్వండి, రుద్దకండి. రాగి నాణెం మీద లేత పచ్చటి చిలుము పొడిలా రాలుతుంటే దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, మ్యూజియంలో తెలిసినవారికి చూపించండి. ఏ నాణేన్నయినా అంచులు పట్టుకుని ఎత్తండి. వేళ్ల చెమట కూడా మరక చేస్తుంది.

అందంగా చేయాలన్న ఈ తాపత్రయం అన్నిచోట్లా ఉంది. 1909 నుంచి 1911 వరకు అమెరికాలో సిగరెట్ పెట్టెలతో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు వచ్చాయి. వాటిలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. చూడటానికి కొత్తదానిలా ఉండటమే దాని గొప్ప. దాని అంచులను కత్తిరించి సాపు చేసింది తానేనని, ఒకప్పుడు దాన్ని అమ్మిన వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కార్డుకైనా రూపాయికైనా మనం చేతులు పెట్టి దిద్దకపోవడమే మొదటి నియమం.

2. "బొక్క పడ్డది ఎందుకు? కరిగించి వెండి తీసుకో"

నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ బొమ్మ రూపాయి సుమారు 11.18 గ్రాములు తూగుతుంది. అందులో వెండి 81.8 శాతం. కరిగిస్తే చేతికొచ్చేది ఆ కాస్త వెండే. రూపాయి మాత్రం ఇక లేనట్టే.

బొక్క పడిందంటే ఎవరో దాన్ని మెడలో వేసుకున్నారని అర్థం. రూపాయల దండలు మన ఊళ్లలో ఆడవాళ్ల ఆస్తి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు తాండాల్లో లంబాడి ఆడవాళ్లు బేడలు, అణాలు, పావలాలు రవికెలకూ పేటియాలకూ కుట్టుకున్నారు. ఆ నాణెం సంతలో ఎంతకాలం తిరిగిందో, ఏ ఏట నగగా మారిందో అడిగితే చెప్పేవారు ఇంకా ఉన్నారు. బొక్క పడ్డ నాణేనికి బజారులో ధర తక్కువ పలుకుతుంది, నిజమే. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారికి అది అందుబాటులో ఉంటుంది. కొనండి. దండగా ఉంటే దండను విప్పకుండా ఉంచండి.

3. "యాడ దొరికిందో నీకెందుకు? ఏం దొరికిందో చూడు"

ఈ వ్యాసంలో ఒక్క అంశమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. నాణెంతోపాటు దాని ఊరిని కూడా సేకరించాలి. ఊరు తెలియని నాణెం తూకానికి పనికొస్తుంది. ఊరు తెలిసిన నాణెం చరిత్రకు పనికొస్తుంది.

దీనికి తెలంగాణలోనే గొప్ప సాక్ష్యం ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో సంగనభట్ల నరహరి శర్మ పాత నాణేలు సేకరించి, ఎక్కడ దొరికాయో చెప్పి పండితుడు పి.వి. పరబ్రహ్మ శాస్త్రికి అందించారు. గోబద, నారన, సమగోప వంటి పాలకుల పేర్లు, శాతవాహన వంశానికి మొదటివాడైన చిముకుడి పేరు ఉన్న నాణేలు అలా వెలుగులోకి వచ్చాయి. శాతవాహనుల తొలినాళ్ల చర్చలో కోటిలింగాలకు చోటు దొరికింది. అవే నాణేలు ఊరి పేరు లేకుండా ఏ నగరంలోనో అమ్ముడుపోయి ఉంటే ఆ చర్చకు ఆధారమే ఉండేది కాదు.

మన జిల్లాల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగాయి. జనం చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరారు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తువేసి విప్పి, అలంపూర్‌లో తిరిగి కట్టారు. గుర్తులు వేశారు కాబట్టే గుడి గుడిగా నిలిచింది. మునిగిన ఊరి నుంచి పెట్టెలో వచ్చిన రూపాయికి అలాంటి గుర్తు వేయాల్సింది సేకర్తే.

ఒక గట్టి అట్ట నోటుబుక్కు పెట్టండి. ప్రతి నాణేనికీ ఒక సంఖ్య ఇవ్వండి. ఎవరి ఇంట్లోది, ఏ ఊరు, ఏ మండలం, వాళ్లకు ఎలా వచ్చింది, మీకు ఏ తేదీన చేరింది, ఎంత ఇచ్చారు, బరువెంత, అడ్డుకొలత ఎంత, రెండు వైపులా ఏముంది అన్నవి రాయండి. సంఖ్యను నాణెం మీద రాయకండి, కవరు మీద రాయండి. ఇచ్చినవారు చెప్పిన కథను వారి మాటల్లోనే రాసుకోండి. అది నిజమో కాదో తర్వాత తేలుతుంది. రాయకపోతే తేల్చడానికేమీ మిగలదు.

4. "మీదున్న సంవత్సరానికి 590 కలుపు, ఇంగ్లీషు ఏడు వస్తది"

పట్వారీ కాగితాలు చూసిన పెద్దలు ఈ లెక్క చెబుతారు. పహాణీల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే సరిపోతుంది. నిజాం నాణేల మీద ఉండేది హిజ్రీ. అది చాంద్రమానం, ఏడాదికి పదీ పదకొండు రోజులు తక్కువ. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. నాణెం మీద 1337 ఉందనుకోండి. పట్వారీ లెక్కలో అది 1927 అవుతుంది, అసలు లెక్కలో 1918-19. ఎనిమిది తొమ్మిదేళ్ల తేడా చరిత్రలో చిన్నది కాదు. ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదివినా, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి.

చార్మినార్ నాణేల్లో ఇంకొక ఆనవాలు ఉంది. నడిమి కమాను కింద ఒక అక్షరం చూడండి. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఉస్మాన్ తొలి నాణేల్లో ఐన్ సగమే ఉంటుంది, తర్వాతివాటిలో పూర్తిగా ఉంటుంది. భూతద్దం ఒకటి, గ్రాములో వందో వంతు చూపే చిన్న తూకం ఒకటి కొనుక్కుంటే నకిలీల బెడద కూడా చాలావరకు తగ్గుతుంది. వెండి రూపాయి అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి రూపాయి కాదు.

5. "ట్రాక్టరు నోటుకు లక్షలిస్తరట, ముందుగాల ఫీజు కట్టు"

ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటు, వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణెం, 786 అంకె ఉన్న నోటు. వీటి పేరుతో ఫోన్లో వచ్చే ప్రకటనలకు మన ఊళ్లలో కూలి డబ్బులు పోగొట్టుకున్నవారున్నారు. తమ పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల కొనుగోలుకు రుసుము, కమిషన్, పన్ను అడుగుతున్నారని, తాము అలాంటి వ్యవహారం ఏదీ చేయమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. వైష్ణోదేవి నాణేలు 2012లో వచ్చాయి, చాలామంది చేతుల్లో ఉన్నాయి. నిజంగా కొనేవాడు నాణెం చూస్తాడు, తూస్తాడు, డబ్బిస్తాడు. అమ్మేవారి నుంచి ముందే డబ్బడిగేవాడు దొంగ. ఈ మాట ఇంట్లో వృద్ధులకు తప్పక చెప్పండి.

6. "పొలంల కుండ దొరికితే నోరు మూసుకో, పంచుకుందాం"

1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే జైలు శిక్ష దాకా పోవచ్చు. తెలిపితే, యజమాని తేలని నిధిలో దొరికినవారికీ భూమిగలవారికీ వాటా పొందే మార్గం అదే చట్టంలో ఉంది. నూరేళ్లు దాటిన వస్తువులను దేశం దాటించకుండా 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డుకుంటుంది.

చట్టం సరే, చదువు సంగతీ చూడండి. కుండలోని నాణేల్లో అన్నిటికన్నా చివరి ఏటిది ఏదో తెలిస్తే, ఆ కుండను పూడ్చిన కాలం తెలుస్తుంది. దూరపు నాణేలు కలిసి ఉంటే ఆ ఊరికి ఎక్కడెక్కడి వ్యాపారం ఉండేదో తెలుస్తుంది. నలుగురూ పంచుకున్న రోజే ఈ సమాచారమంతా పోతుంది. కుండ పెంకులను కూడా పారేయకూడదు. సేకర్త అలాంటి నాణేలు కొనకూడదు. అమ్మజూపినవారికి తహసీల్దారు కార్యాలయం దారి చూపాలి.

7. "పాత నోటు చిరుగుతది, లామినేషన్ చేయించు"

లామినేషన్ వేడికీ జిగురుకూ కాగితం శాశ్వతంగా బందీ అవుతుంది. నిజాం ప్రభుత్వం 1918 చట్టంతో తెచ్చిన నోట్లు గానీ, సంస్థానాల కాలపు రసీదులు గానీ ఒకసారి అలా అతికితే మళ్లీ బయటికి తీయలేం. టేపు కూడా అంతే, కొన్నేళ్లకు పసుపు మరకవుతుంది. నాణేలకు మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటి నుంచి ఊరే రసాయనం రాగిని పచ్చబరుస్తుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లు, మైలార్ కవర్లు వాడండి. రేకుల ఇంట్లో అటక మీద పెట్టకండి, పాలమూరు ఎండకు అక్కడ కాగితం పెళుసెక్కుతుంది. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచండి.

8. "దొరికిందల్లా పోగుచెయ్యి, నీ తర్వాత పిల్లలు చూసుకుంటరు"

దొరికిందల్లా పోగేస్తే గోనెసంచి నిండుతుంది, ఏదీ పూర్తికాదు. ఒక గిరి గీసుకోండి. డబ్బు తక్కువున్న విద్యార్థి 1957 ఏప్రిల్ 1న మొదలై 1964 దాకా సాగిన నయాపైసల వరసతో మొదలుపెట్టవచ్చు. పెద్దగా ఖర్చుకాదు, చూపు కుదురుతుంది. తర్వాత ఒక్క సంస్థానాన్ని, కుదిరితే మీ సొంత తాలూకాను పట్టుకోండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియాన్నీ, సైఫాబాద్ పాత టంకశాలలోని మ్యూజియాన్నీ చూసి రండి. అసలు నాణేన్ని కంటితో చూసిన తర్వాతే నకిలీ తెలుస్తుంది.

పిల్లలు చూసుకుంటారన్న భరోసా ఒక్కటే చాలదు. నోటుబుక్కు లేని సేకరణ వారసులకు బరువుకు అమ్ముకునే లోహమే. నోటుబుక్కు ఉంటే అది ఊరి దస్తావేజు. మీ తర్వాత అది ఎవరికి చేరాలో చివరి పేజీలో రాసిపెట్టండి. బిడ్డకు ఆసక్తి ఉంటే బిడ్డకు, లేకపోతే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మ్యూజియంలాంటి చోటుకు. హాలీ సిక్కా చేత్తో ఖర్చుపెట్టినవారు, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలన్న మారకం నోటితో చెప్పగలవారు మన ఇళ్లలో ఇంక కొద్దిమందే ఉన్నారు. నాణెం కొనడం వచ్చే ఏడైనా కుదురుతుంది. వారిని అడగడం మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.