బ్యాటు సర్కారుది, ఇసక సముద్రానిది

మా మేనల్లుడు మొన్న ఓ ప్రశ్న వేశాడు. "మావా, మన కాశీబుగ్గలో డబ్బుల్లేకుండా, ఎవుడూ తరమకుండా బంతాట ఆడుకునీ జాగా ఎక్కడున్నాది?" గుంటడికి పన్నెండేళ్లు. ఈ వయసులోనే ఇలాంటివి అడిగేవాడు పెద్దయితే సమాచార హక్కు దరఖాస్తులు పెడతాడు. మొగ్గలోనే తుంచేద్దామని "ఏ ఊళ్లోనైనా రిక్రియేషన్ క్లబ్బు ఉంటుంది కదరా" అన్నాను. వాడు నా వంక జాలిగా చూశాడు.

వాడి జాలి న్యాయమైనదే. తెలుగునాట రిక్రియేషన్ అంటే పదమూడు ముక్కలు. సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని తేల్చింది. అప్పట్నుంచీ మన పెద్దమనుషులు కుర్చీ దిగకుండా నైపుణ్యం పెంచుకుంటూనే ఉన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి తాళం వేసింది. ఫోన్‌లో పదకొండు మందిని ఏరుకుని, మడత మంచం మీంచే ప్రపంచ కప్పులు గెలిచిన మా వీధి క్రీడాకారులు ఆ దెబ్బతో రాత్రికి రాత్రి రిటైరైపోయారు. పాపం, వీడ్కోలు మ్యాచ్ కూడా దక్కలేదు.

సర్కారు ఆడించలేదంటే మాత్రం కళ్లు పోతాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. పన్నెండు రోజులు తిరిగేసరికి, 26న, గుంటూరు దగ్గర నల్లపాడులో 'ఆడుదాం ఆంధ్రా' మొదలెట్టారు. ముందు మంచం, తర్వాత మైదానం. కిడ్నీ జబ్బులతో నలిగే మా ఉద్దానం వాళ్లకి ఈ వరస ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడమని సచివాలయాలకి కిట్లు పంపారు. మాకూ వచ్చింది. కిట్టులో బ్యాటుంది, బంతుంది, నెట్టుంది. గ్రౌండు మాత్రం సంచిలో పట్టదు కాబట్టి పెట్టలేదు. ఆడేవాళ్లు తక్కువైన రోజున వాలంటీర్లు దిగారు. లోకంలో వాలంటీరంటే జీతం ముట్టనివాడు. మన దగ్గర 2019 నుంచి ఐదేళ్లపాటు నెలకి 5 వేల గౌరవ వేతనం పుచ్చుకున్నవాడు. స్వచ్ఛంద సేవ మీద తెలుగువాళ్లు చేసిన ఈ పరిశోధనని విదేశాలవాళ్లు ఇంకా గుర్తించలేదు.

ఫిబ్రవరిలో ఆట అయింది, వేసవిలో ప్రభుత్వం మారింది, ఆ తర్వాత ఖర్చు మీద విజిలెన్స్ విచారణ నడిచింది. ఐదాటల పోటీకి అది ఆరో ఆట. మా నెట్టు ఇప్పుడు ఒకరి పెరట్లో కోళ్లకి దడి. కోళ్లయినా ఆడుకుంటున్నాయి.

అవతలి పార్టీవాళ్లు అప్పుడే నవ్వకండి. 2014లో క్రీడల శాఖ చూసింది మన టెక్కలి ఎమ్మెల్యేగారే. ఆ హయాంలో నియోజకవర్గానికో ఎన్టీఆర్ క్రీడా వికాస కేంద్రం అన్నారు. పేర్లు మారుతుంటాయి. ఎవరొచ్చినా పని దొరికేది బోర్డులు రాసే పెయింటరుకి ఒక్కడికే.

ఇక దుకాణం ఆట. చుట్టూ వల, కింద ప్లాస్టిక్ గడ్డి, పైన తెల్లటి లైట్లు, గంటకింత అద్దె. ఆదివారానికో రేటు, రాత్రికో రేటు. సిక్సు కొడితే వల ఆపేస్తుంది. బంతి ఎక్కడికీ పోదు, డబ్బులే పోతాయి. మావాడు ఓసారి వెళ్లి, గంటలో తన వంతు ఆరు బంతులని లెక్క తేల్చుకుని వచ్చేశాడు. "ఐస్ తిన్నా ఇంతకన్నా సేపొస్తాది మావా" అన్నాడు.

మన ప్రాంతంలో కొలువు, వ్యాపారం, సేవ మూడూ ఒంటిచేత్తో నడిపిన మనిషి ఒకడుండేవాడు, కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టాడు. సైదాపేటలో వ్యాయామ శిక్షణ అయ్యాక విజయనగరం బడిలో డ్రిల్లు మాస్టారయ్యాడు, అది కొలువు. ఊరి కుర్రాళ్లచేత కసరత్తు చేయించాడు, అది సేవ. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టించుకుని టిక్కెట్లు అమ్మాడు, అది వ్యాపారం. ఇవాళైతే ఆ ఏనుగుకి మూడు శాఖల నుంచీ నిరభ్యంతర పత్రం తేవాలి. పత్రాలొచ్చేసరికి ఏనుగు ముసలిదైపోతుంది.

మా వైపు పెద్ద ఎత్తున నేల చదును చేసింది మాత్రం ఏ శాఖా కాదు, తిత్లీ తుఫాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, తాతలనాటి కొబ్బరినీ జీడినీ పడుకోబెట్టేసింది. దుంగలెత్తేశాక మిగిలిన ఖాళీలో కుర్రాళ్లు మూడు కర్రలు పాతారు. పెద్దవాళ్లు గట్టు మీద తలపట్టుకుని కూర్చున్నారు కానీ, వాళ్లని పొమ్మనలేదు. కొత్త మొక్కలు ఎదిగేకొద్దీ బౌండరీ దగ్గరికొచ్చేసింది. ఇప్పుడు మిడాఫ్‌లో ఓ కొబ్బరిచెట్టు ఫీల్డింగ్ చేస్తోంది. మట్టకి చిక్కుకున్న బంతి ఔటా కాదా అన్నది ఊళ్లో ఇంకా తెగలేదు.

తోట లేనివాళ్లకి సముద్రముంది. అక్కుపల్లి ఇసక మీద, బారువ ఇసక మీద చెడుగుడు ఆడితే మోకాళ్లు చెక్కుకుపోవు, అద్దె అడిగేవాడుండడు. కాకపోతే జట్టు నిండదు. మంచి కూతగాడు చేపల వేటకి గుజరాత్ వెళ్లి వేరావల్ బోటెక్కి ఉంటాడు. చెడుగుడులో గీత దాటి చిక్కితే ఔటయి పక్కన కూర్చుంటారు. 2018 నవంబర్‌లో ఆ గుజరాత్ సముద్రంలో గీత దాటారని మన జాలర్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుంటే, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో కూర్చున్నారు.

తెల్లారి నాలుగింటికి హైవే మీద బస్సులో వెళ్తే మీకు మన అసలు క్రీడ కనిపిస్తుంది. లారీల పక్కనే తెల్లగీత మీద పరిగెత్తే కుర్రాళ్లు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే ఆర్మీలో పూర్తి మార్కులు, కానిస్టేబులుకి ఎనిమిది నిమిషాలు. వాళ్ల ట్రాక్ వేసింది జాతీయ రహదారుల సంస్థ, అదీ తెలియక. ఉద్యోగమొచ్చిన మర్నాటి నుంచి వాళ్లు పరిగెత్తరు.

ఆడపిల్లల సంగతి అడిగారా? అడగలేదు, ఎవరూ అడగరు. పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగితే అది ఆమదాలవలస, కరణం మల్లీశ్వరి ఊరు. 2000లో సిడ్నీలో ఆమె 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ రోజు నుంచీ మనం ప్రతి సభలోనూ ఆ పేరెత్తుతున్నాం. బరువెత్తడం కంటే పేరెత్తడం తేలిక. ఆ సభ జరిగే హైస్కూలు గ్రౌండులో మాత్రం మన అమ్మాయిని "దీపాలేళ అయింది, ఇంటికి రా" అని పిలుస్తాం. జీడి కార్ఖానాలో పొద్దంతా పప్పు ఒలిచి, జీడిపాలకి వేళ్లు నల్లబడిన అమ్మలకి ఆట ఏమిటంటే, బస్సులో సీటు దొరకడం.

ఇన్నిటి మధ్య ఆట బతికున్నది సంక్రాంతికి. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి, పటాలం నుంచి కుర్రాళ్లు దిగుతారు. సంఘానికి రిజిస్ట్రేషన్ ఉండదు, రసీదు పుస్తకం ఉంటుంది. వరి కోసిన మడి చెక్కుతారు, కొయ్యకాళ్లు పీకుతారు, డ్రమ్ముకి నీళ్లు నింపి రోలరని దొర్లిస్తారు. అంపైరు వాళ్లవాడే, అందుకే తిట్లు కూడా వాళ్లే తింటారు. ప్రథమ బహుమతి దాత, ద్వితీయ బహుమతి దాత, మైకు దాత, మజ్జిగ దాత, అందరి మొహాలూ ఫ్లెక్సీ మీద వరసగా. ఫ్లెక్సీ పొడుగు పిచ్ కంటే ఓ గజం ఎక్కువే. పిచ్ చెక్కినవాడి ఫొటోకి అందులో చోటు చాలదు. మూడు రోజులూ దుమ్మురేగేలా ఆడి, కనుమ మర్నాడు బస్సెక్కేస్తారు. మడి మళ్లీ మడి అయిపోతుంది.

"మరి నా జాగా?" అన్నాడు మేనల్లుడు, ఇదంతా విని. "తోటలో ఆడు, మిడాఫ్ వైపు కొట్టకు" అన్నాను.

ఈ సంక్రాంతికి రసీదు పుస్తకం పట్టుకుని గుంటలు మీ ఇంటికీ వస్తారు. తలుపేసుకోకండి. ఐదొందలివ్వండి. ఇచ్చి, 'ఫ్లెక్సీకి కాదు, రోలరుకి' అని రసీదు మీద రాయించుకోండి.